తుంగభద్ర కాలువల కిందికి తరలిన రైతు తాతగారి జీవితాన్ని రాయడం ఎలా?

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతు కుటుంబాలు చాలావాటిలో పడమటికి తరలిపోయిన తాతో, ముత్తాతో, ఆయన వెంట నడిచిన నాయనమ్మో కనిపిస్తారు. వారిలో కొందరు 1931లో మంజీర నది మీద నిజాంసాగర్ పూర్తయిన తరువాత బోధన్, వర్ని, బాన్సువాడ ప్రాంతాలకు వెళ్లగా, మరికొందరు 1950, 1960 దశకాలలో తుంగభద్ర కాలువల కిందికి, అంటే నేటి కర్ణాటకలోని గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి, సిరుగుప్ప ప్రాంతాలకు వెళ్లి క్యాంపులు అని పిలిచే కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటున్న వారి మనుమలు ఆ తాతగారి కథ రాద్దామని కూర్చుంటే సాధారణంగా మూడు వాక్యాలే తేలతాయి: ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ పదెకరాలు కొన్నారు, ముళ్లకంప కొట్టించి మాగాణి చేశారు, కష్టపడి పైకి వచ్చారు. ఈ మూడూ అబద్ధాలు కావు, కానీ ఆ క్యాంపులోని ఏ ఇంటికైనా అవే సరిపోతాయి గనుక వాటిలో మీ తాతగారు ఎక్కడా ఉండరు.

ఆయన్ని పట్టుకోవాలంటే మూడు దారులు ఉన్నాయి: భూమి కాగితం, కాలువకు నీరు వచ్చిన సంవత్సరం, పెళ్లిళ్ల లెక్కలు. ఇంట్లో చెప్పుకునే కథను ముందు పెట్టుకుని దానికి రుజువులు వెతకడం కంటె, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకున్న తరువాత ఇంటి కథను వాటి పక్కన పెట్టి చూడడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఇక్కడ ప్రధానంగా తుంగభద్ర వలసనే తీసుకున్నాను. నిజాంసాగర్ కిందికి వెళ్లినవారి విషయంలో తేడా ఉన్నచోట అది కూడా చెప్పాను.

ఆ భూమి అప్పుడు ఏ ప్రభుత్వం కింద ఉంది?

అన్నిటికంటె ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది, ఎందుకంటే కాగితం ఏ భాషలో ఉంటుంది, ఏ కార్యాలయంలో దొరుకుతుంది, అందులోని రూపాయి ఏ రూపాయి అన్న విషయాలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. 1950లో తుంగభద్రకు ఎడమ గట్టున ఉన్న గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలు రాయచూరు జిల్లాలో, హైదరాబాదు రాష్ట్రం కింద ఉండేవి. కుడి గట్టున ఉన్న హోస్పేట, సిరుగుప్ప, బళ్లారి తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాకు చెందినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, కుడి గట్టున మనం చెప్పుకుంటున్న తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా కూడా గద్వాల, ఆలంపూరు తాలూకాలను ఆంధ్రప్రదేశ్‌కు వదిలి మైసూరులో చేరింది. ఆ మైసూరే 1973లో కర్ణాటక అయింది. తరువాత 1997లో గంగావతి కొత్తగా ఏర్పడిన కొప్పళ జిల్లాలోకి, 2021లో హోస్పేట విజయనగర జిల్లాలోకి వెళ్లాయి. కారటగి, కనకగిరి తాలూకాలు కావడం ఇటీవలి మాట, కాబట్టి వాటి పాత దస్తావేజుల కోసం గంగావతిలో అడగాలి.

దీనివల్ల తేలేది ఏమిటంటే, 1952లో సిరుగుప్పలో పొలం కొన్న గుంటూరు రైతు తన రాష్ట్రం దాటి వెళ్లనే లేదు. ఒక జిల్లా నుండి మరో జిల్లాకు వెళ్లాడు, రెండేళ్లు తిరగకముందే సరిహద్దు ఆయన మీదుగా జరిగిపోయింది. అదే సంవత్సరం నది దాటి గంగావతిలో కొన్న ఆయన తోడల్లుడు మాత్రం నిన్నమొన్నటి దాకా నిజాం ఏలిన గడ్డ మీద అడుగుపెట్టాడు. ఇద్దరినీ కలిపి “కర్ణాటకకు వలస వెళ్లారు” అని రాస్తే, వారు వెళ్లిన నాటికి ఆ పేరుతో రాష్ట్రమే లేదన్న సంగతి మరుగున పడుతుంది.

స్వగ్రామం వైపు కూడా ఇదే జాగ్రత్త అవసరం. తాతగారు గుంటూరు జిల్లా అని రాసుకున్న ఊరు 1970 నుండి ప్రకాశంలోనో, 2022 నుండి బాపట్ల, పల్నాడు జిల్లాలలోనో ఉండవచ్చు. ఊరి పేరుకు పక్కన నాటి తాలూకా, నేటి మండలం రెండూ రాసిపెట్టుకుంటే తరువాతి పని తేలికవుతుంది.

పెద్దవారిని అడిగే పద్ధతి

“ఎందుకు వెళ్లారు?” అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు: అక్కడ భూమి చౌక. ఆ సమాధానంతో ముందుకు కదలలేము. దానికి బదులు చేతికి తగిలే విషయాలు అడగాలి. “నాయనమ్మా, మీరు వెళ్లిన కొత్తలో మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు?”, “మామ్మా, మొదటి ఇంటికి కప్పు దేనితో వేశారు?”, “పెదనాన్నగారూ, ఎడ్లను రైల్లో తెచ్చారా, తోలుకొచ్చారా, అక్కడే కొన్నారా?”, “దమ్ము చేయడానికి మనుషులు ఎక్కడివాళ్లు?” వంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు ఇంటింటికీ వేరుగా ఉంటాయి, జీవితచరిత్రకు కావలసింది ఆ తేడాయే. మీరు ముందే ఒక కథ అనుకుని వెళ్లి, అవునా కాదా అని అడగకండి. పెద్దవారు మర్యాదకు అవునంటారు.

ప్రయాణం గురించి తప్పక అడగండి. గుంటూరు నుండి నరసరావుపేట, మార్కాపురం, నంద్యాల, ద్రోణాచలం మీదుగా గుంతకల్లుకు, అక్కడి నుండి బళ్లారి, హోస్పేటలకు అప్పట్లో మీటరు గేజి రైలు ఉండేది. గంగావతికి, సింధనూరుకు రైలు వచ్చింది ఈమధ్యనే. కాబట్టి ఎడమ గట్టుకు వెళ్లినవారు ఎక్కడో ఒకచోట రైలు దిగి, బస్సులోనో బండిలోనో మిగతా దారి వెళ్లి తీరాలి. ఎక్కడ దిగారు, నదిని వంతెన మీద దాటారా, పుట్టిలో దాటారా, మొదటి రాత్రి ఎవరి ఇంట పడుకున్నారు అన్న ప్రశ్నలు వరుసగా వేయాలి. చివరి ప్రశ్నకు వచ్చే పేరు ముఖ్యమైనది: తాతగారి కంటె ముందు వెళ్లి, ఆయన్ని రప్పించిన మనిషి సాధారణంగా ఆయనే. చాలా ఇళ్లలో ఆ మనిషి అన్నదమ్ముల వరుస కాక, భార్య వైపు బావమరిదో తోడల్లుడో అయి ఉంటాడు. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికేవారికి ఆయన ఎన్నటికీ దొరకడు.

తేదీల విషయంలో పెద్దవారి జ్ఞాపకం క్యాలెండరు మీద నడవదు, కానీ దానికి దాని లెక్క ఉంటుంది. తెలుగు సంవత్సరం పేరు చెబితే వెంటనే రాసుకోండి. 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది గనుక మనిషి వయసును బట్టి ఏ చుట్టులోదో తేలిపోతుంది. విరోధి 1949-50, వికృతి 1950-51, ఖర 1951-52, నందన 1952-53, విజయ 1953-54, జయ 1954-55, మన్మథ 1955-56. తుంగభద్ర నుండి కాలువలకు నీరు వదిలింది 1953 జులైలో, అంటే విజయ నామ సంవత్సరంలో. “నందనలో వెళ్లాం” అన్న కుటుంబం నీరు రాకముందే, కాలువ తవ్వకం చూసి భూమి కొన్నదన్నమాట. “మన్మథలో వెళ్లాం” అన్న కుటుంబం పొరుగువాడి పంట చూసి కదిలిందన్నమాట. ఈ రెండు నిర్ణయాలకూ వెనుక ఉన్న ధైర్యం ఒకటి కాదు.

సంవత్సరం పేరు గుర్తులేనివారికి పుష్కరాలు సాయం చేస్తాయి. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి. అక్కడి నుండి దాదాపు పన్నెండేసి ఏళ్లు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. రజాకార్ల రోజులకు ముందా తరువాతా, నయా పైసలు రాకముందా వచ్చాకా అన్నవి కూడా గట్టి గుర్తులే: మొదటిది 1948 సెప్టెంబరుతో ముగుస్తుంది, రెండోది 1957 ఏప్రిల్‌తో మొదలవుతుంది. పొలం ధర అణాలతో సహా చెప్పే పెద్దమనిషి 1957కు ముందటి బేరాన్ని చెబుతున్నట్టు.

పిల్లల పుట్టుకను బట్టి వలస సంవత్సరాన్ని నిర్ణయించేటప్పుడు ఒక చిక్కు ఉంది. మొదటి కాన్పు పుట్టింట జరగడం ఆచారం కాబట్టి, పెద్ద మేనత్తగారు తెనాలిలో పుట్టారన్నంత మాత్రాన అప్పటికి కుటుంబం తెనాలి దగ్గరే ఉన్నదని అనుకోకూడదు. నాయనమ్మ సింధనూరు క్యాంపు నుండి పురిటికి వచ్చి ఉండవచ్చు. రెండో, మూడో కాన్పు ఎక్కడ జరిగిందో చూడడం మేలు. బడి రిజిస్టరులోని పుట్టినతేదీలను కూడా ఉజ్జాయింపుగానే తీసుకోవాలి, ఎందుకంటే బడిలో చేర్చే రోజున పంతులుగారు వయసు సరిపోయేలా వేసిన తేదీలు వాటిలో చాలా ఉంటాయి. అదే రిజిస్టరులో చేరిన తేదీ మాత్రం నమ్మదగినది, మాతృభాష, తండ్రి వృత్తి వంటి వివరాలు కూడా అక్కడే దొరుకుతాయి.

ఇంట్లోనే ఉన్న దస్తావేజు: చదివింపుల పుస్తకం

ట్రంకు పెట్టెలో పొలం కాగితాలను జాగ్రత్తగా దాచిన ఇళ్లలో కూడా పెళ్లి చదివింపుల పుస్తకాన్ని పాత నోటుపుస్తకమని పారేస్తారు. వలస చరిత్రకు దానికంటె విలువైన కాగితం మరొకటి లేదని నేను గట్టిగా చెబుతాను. మొదటి పుటకు నాలుగు మూలలా పసుపు, పైన “శ్రీరస్తు, శుభమస్తు”, ఆ కింద వధూవరుల పేర్లు, సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి. తరువాత వరుస వరుసకూ ఇంటిపేరుతో మనిషి పేరు, ఆయన ఊరు, చదివించిన సొమ్ము: ఒకచోట 5 రూపాయలు, ఒకచోట 11, దగ్గరి చుట్టం దగ్గర 116, మధ్యలో ఒక వెండి కుంకుమభరిణె, ఒక ఇత్తడి బిందె.

ఇప్పుడు పెద్ద కూతురి పెళ్లి పుస్తకాన్ని, పదేళ్ల తరువాత జరిగిన చిన్న కూతురి పెళ్లి పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి, ఊళ్ల పేర్లు మాత్రమే విడిగా రాయండి. మొదటి దాంట్లో తెనాలి, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లే ఉండి, రెండో దాంట్లో క్యాంపుల పేర్లు సగం పుటలు ఆక్రమిస్తే, ఆ పదేళ్లలో మీ తాతగారితో పాటు ఎవరెవరు కదిలారో మీ ముందే ఉన్నట్టు. స్వగ్రామం నుండి ఎవరు రావడం మానేశారు, పొలం పంపకాలలో మాట పట్టింపులు వచ్చిన అన్నదమ్ములలో ఎవరు మళ్లీ కనిపించారు అన్నది కూడా ఆ వరుసలలోనే తెలుస్తుంది. చివరన గౌడ అనో స్వామి అనో ముగిసే కన్నడ పేర్లు నాలుగైదు కనిపిస్తే వాటిని వదిలిపెట్టకండి. వారిలో పొలం అమ్మిన ఆసామి ఉండవచ్చు, గట్టు పక్క రైతు ఉండవచ్చు. క్యాంపుకు, దాని పక్కనున్న పాత కన్నడ ఊరికి మధ్య రాకపోకలు ఎంతవరకు ఉండేవో దానికి మించిన సాక్ష్యం దొరకదు.

చదివింపుల పుస్తకం తరువాత చూడవలసినవి ప్రామిసరీ నోట్లు, వడ్డీ లెక్కలు, సహకార సంఘం వాటా పత్రాలు, ధాన్యం కొలిచిన చిట్టాలు. అప్పు కాగితాలను చూసి మొహమాటపడవలసిన పని లేదు. 1930లలో ప్రపంచమంతటా ధాన్యం ధరలు పడిపోయి డెల్టా రైతులు అప్పులలో కూరుకుపోయారు. 1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తేవలసి వచ్చింది. నిజాంసాగర్ కిందికి వెళ్లిన తొలి కుటుంబాల నేపథ్యం అది. “భూమి చౌక” అన్న మాట వెనుక ఉన్న బాకీ కాగితం మీకు దొరికితే వలసకు అసలు కారణం దొరికినట్టే.

అమ్మిన పొలం, కొన్న పొలం

తూర్పున అమ్మిన పొలం, పడమట కొన్న పొలం రెండింటి దస్తావేజులూ కావాలి. అమ్మకం దస్తావేజు స్వగ్రామం ఏ సబ్-రిజిస్ట్రారు కార్యాలయం కిందికి వస్తుందో అక్కడ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1983 తరువాతి లావాదేవీల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రం) కంప్యూటరులో దొరుకుతుంది. అంతకు ముందువాటికి దరఖాస్తు పెట్టి చేత్తో వెతికించాలి. అక్కడ రెండు రకాల సూచికలు ఉంటాయి. ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. సర్వే నంబరు తెలియకపోతే పేరు సూచికలో వెతకాలి.

ఎవరి పేరు మీద వెతకాలి అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. తాతగారి పేరు మీద ఏమీ దొరకలేదని చాలామంది వెనుదిరుగుతారు. డెల్టా జిల్లాలలో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద పొలం ఇవ్వడం ఉంది. పడమట భూమి కొనడానికి అమ్మిన ఎకరం తాతగారిది కాక నాయనమ్మది అయితే, దస్తావేజులో అమ్మకందారుగా ఆమె పేరు, ఆమె వేలిముద్ర ఉంటాయి. అంతకు ముందు ఆమె తండ్రి రాసి ఇచ్చిన దఖలు దస్తావేజు ఉంటుంది. కాబట్టి నాయనమ్మ పేరు మీద, ఆమె పుట్టింటివారి పేరు మీద కూడా తప్పక వెతికించండి. అది దొరికిందంటే “తాతగారు ఎకరం అమ్మి పదెకరాలు కొన్నారు” అన్న వాక్యాన్ని మార్చి రాయవలసి ఉంటుంది, రాయాలి కూడా. బంగారం అమ్మిన సంగతికి కాగితం దొరకదు. దానిని ఆడవారిని అడిగే తెలుసుకోవాలి, అదీ మగవారు పక్కన లేనప్పుడు.

కొనుగోలు దస్తావేజు కుడి గట్టుదైతే, 1953కు ముందుదైతే, అది మద్రాసు పద్ధతిలో ఉంటుంది. గుంటూరు కాగితాలు చదవడం వచ్చినవారికి కొత్తగా అనిపించదు. ఎడమ గట్టుదైతే ఉర్దూ, ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరాలు, గుంటలు, హాలీ సిక్కా అనే నిజాం నాణెం ఎదురవుతాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. అయితే మద్రాసు వైపు ఫసలీ జులైలో మొదలైతే, హైదరాబాదు వైపు అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. అందుచేత ఆజూర్ 1355 అంటే 1945 అక్టోబరు అని, అదే ఫసలీలో వచ్చే ఖుర్దాద్ 1946 వేసవి అని చదువుకోవాలి. విస్తీర్ణం విషయానికి వస్తే ఎకరానికి మనకు 100 సెంట్లు, అక్కడ 40 గుంటలు. ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు. ధర హాలీ రూపాయలలో ఉంటే, 7 హాలీ రూపాయలు దాదాపు 6 కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా, రూపాయలకు సమానమని లెక్కకట్టాలి. ఈ మార్పు చేయకుండా తూర్పున అమ్మిన ధరను, పడమట కొన్న ధరను పోల్చిన కుటుంబ చరిత్రలలో లెక్కలు కుదరవు.

నిజామాబాదు వైపు మరో తేడా ఉంది. అక్కడ కొన్న పొలం సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషను లేని తెల్లకాగితం మీద చేతులు మారి ఉండవచ్చు. అప్పుడు దస్తావేజు కోసం కాక సేత్వార్ (సర్వే తరువాత రాసిన తొలి భూమి రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి పహాణీల (ఏటా రాసే సాగు రికార్డుల) కోసం తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. పాత ఉర్దూ దఫ్తరాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో కూడా ఉన్నాయి. ఉర్దూ షికస్తా (గొలుసుకట్టు) రాత చదవగలిగిన పెద్దమనిషిని ముందే వెతికి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఉర్దూ వచ్చిన వారందరికీ ఆ రాత రాదు.

కర్ణాటక పహణీలలో పేరు వెతకడానికి కొంత ఓర్పు కావాలి. కన్నడ లిపి మనకు దగ్గరది కాబట్టి కొద్దిపాటి సాధనతో కూడబలుక్కుని చదవవచ్చు. కానీ మన ఇంటిపేరు అక్కడి గుమస్తా చేతిలో ఒకసారి పొడి అక్షరంగా, ఒకసారి ఊరి పేరుగా, ఒకసారి అసలు లేకుండా పోయి ఉంటుంది. తండ్రి పేరును పట్టుకుని వెతకండి. పహణీతో పాటు మ్యుటేషన్ రిజిస్టరు నకలు తీసుకుంటే భూమి ఎవరి నుండి ఎవరికి, ఏ కారణంగా మారిందో తెలుస్తుంది. 1970లలో భూపరిమితి చట్టాల కింద ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన సీలింగ్ డిక్లరేషన్ల నకళ్లు ఇంట్లో ఉంటే మరీ మంచిది; వాటిలో కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు, భూములు ఒకేచోట ఉంటాయి. అయితే పరిమితి తప్పించుకోవడానికి చూపిన పంపకాలను నిజమైన పంపకాలుగా రాయకండి. ఆ రోజుల్లో కాగితం మీద విడిపోయి ఒకే పొయ్యి మీద వండుకున్న ఇళ్లు లేకపోలేదు.

కాలువలో మీ తాతగారి తూము ఎక్కడ?

క్యాంపుకు స్వయంగా వెళ్లకుండా ఈ భాగం రాయడం కుదరదు. వెళ్లే ముందు సర్వే నంబరు, డిస్ట్రిబ్యూటరీ (పెద్ద కాలువ నుండి చీలే పిల్లకాలువ) నంబరు చేతిలో పెట్టుకోండి. ఒకే కాలువ కింద తల దగ్గర ఉన్న రైతు జీవితానికి, చివరి ఆయకట్టు రైతు జీవితానికి పోలిక ఉండదు. ఎడమ కాలువ పొడవునా ఒకేసారి నీరు రాలేదు, పనులు 1960ల దాకా సాగాయి. అందువల్ల 1953 అన్నది ప్రాజెక్టు తేదీయే కాని, మీ తాతగారి మడి తడిసిన తేదీ కాదు. తన బోదెలోకి మొదటిసారి నీరు వచ్చిన సంవత్సరం ఏదో ఆ క్యాంపు పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

ఇంకో సంగతి రైతు కుటుంబాలు సాధారణంగా పైకి చెప్పుకోరు. తుంగభద్ర ఎడమ కాలువను రూపొందించింది ప్రధానంగా వరి కోసం కాదు. కరువు ప్రాంతంలో వీలైనంత ఎక్కువ విస్తీర్ణానికి ఒకటి రెండు తడులైనా అందించి జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలను నిలబెట్టాలన్నది ఉద్దేశం; ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే నిర్ణయించారు. డెల్టా నుండి వెళ్లినవారు తమకు చేతనైన వరి వేశారు. తల దగ్గర వరి పెరిగిన కొద్దీ చివరి భూములకు నీరు అందడం కష్టమైంది. మీ తాతగారి పొలం వరికి కేటాయించినదా, ఆరుతడికి కేటాయించినదా అన్నది నీటిపారుదల శాఖ లెక్కలలో ఉంటుంది. ఆరుతడి కింద ఉన్న రేగడిలో ఆయన వరి పండించి ఉంటే, ఇంట్లో గర్వంగా చెప్పుకునే ఆ పంట చివరి ఊళ్ల రైతులకు అందని నీటితో పండినదే. రెండూ రాయండి. పాత నీటి శిస్తు రశీదులు దొరికితే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది.

“మేము వెళ్లేదాకా అక్కడివారికి వరి తెలియదు” అన్న వాక్యాన్ని మాత్రం కొట్టివేయండి. హోస్పేట, కంప్లి, ఆనెగొంది ప్రాంతాలలో విజయనగర కాలం నాటి కాలువలు ఉన్నాయి. నది ఒడ్డున వరి, చెరకు శతాబ్దాలుగా పండుతున్నాయి. కాలువ కొత్తగా వచ్చిన రేగడి భూములలో, అంత పెద్ద ఎత్తున, దమ్ము చేసి నాటు వేసే సాగును వలస రైతులు విస్తరింపజేశారన్నది నిజం, అదే చాలు.

క్యాంపులో మొదట చూడవలసినది రామాలయం. గోడకు బిగించిన శిలాఫలకం మీద చందాదారుల పేర్లు వరుసగా ఉంటాయి. కొన్నింటి మీద స్వగ్రామం కూడా చెక్కి ఉంటుంది. ఎండ పక్కనుండి పడే ఉదయం పూట ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి, సున్నం పూసి ఉంటే తడి గుడ్డతో మెల్లగా తుడవాలి తప్ప గీకకూడదు. రాతి మీద పేరు ఉన్నవాడు ఆ సంవత్సరానికి చందా ఇవ్వగల స్థితికి వచ్చాడన్నది ఒక సాక్ష్యం. పేరు లేకపోవడం మాత్రం దేనికీ సాక్ష్యం కాదు. ఒక హెచ్చరిక: పేరులో క్యాంపు అని ఉన్న ప్రతి ఊరూ ఆంధ్ర రైతులది కాదు. సింధనూరు దగ్గర తూర్పు బెంగాల్ శరణార్థులకు పునరావాసంగా ఇచ్చిన క్యాంపులు ఉన్నాయి, అక్కడ మీకు వినిపించేది బెంగాలీ.

క్యాంపు చూసిన తరువాత పక్కనున్న పాత కన్నడ ఊరికి కూడా వెళ్లండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. పొలం అమ్మినవారు ఎందుకు అమ్మారో అక్కడే తెలుస్తుంది. వాన లేక వరుసగా పంటలు పోయాయా, కాలువ వస్తుందన్న నమ్మకం లేకనా, చదును చేయించే పెట్టుబడి లేకనా, ఆ సొమ్ముతో వారు ఏం చేశారు? తరువాత కొన్నేళ్లకు అదే భూమిలో వారి పిల్లలు కూలికి వచ్చి ఉంటే అది కూడా మీ తాతగారి జీవితంలో భాగమే. అలాగే కంప కొట్టి, గట్లు వేసి, నాట్లు వేసిన కూలీలు, తూర్పు నుండి ఆయన వెంట వచ్చిన పాలేరు కుటుంబాలు. పొలం కాగితాలలో వీరి పేర్లు ఉండవు. ధాన్యం చిట్టాలో జీతపు గింజల లెక్క దగ్గర ఉంటాయి, అక్కడి నుండి ఎత్తి రాయాలి.

రాయడానికి కూర్చున్నప్పుడు

సేకరించినదంతా ముందు సంవత్సరాల వరుసలో ఒక పొడవాటి పట్టికగా రాసుకోండి. ప్రతి అంశం పక్కన అది ఎక్కడి నుండి వచ్చిందో రాయాలి: దస్తావేజు నంబరా, చదివింపుల పుస్తకమా, చిన్నాన్నగారి మాటా. ఒకే సంగతికి రెండు తేదీలు వస్తే రెండూ ఉంచాలి; నచ్చినది ఉంచి మరొకటి చెరిపేస్తే, రేపు కొత్త కాగితం దొరికినప్పుడు సరిదిద్దుకునే వీలు పోతుంది.

పుట్టుకతో మొదలుపెట్టవలసిన అవసరం లేదు. తూర్పు పొలం అమ్మకం దస్తావేజుతో మొదలుపెట్టి, ఆ భూమి ఎలా వచ్చిందో వెనక్కి, ఆ సొమ్ము ఎక్కడికి పోయిందో ముందుకు నడిస్తే కథ తనంతట తానే నిలబడుతుంది. ఒక వ్యవసాయ సంవత్సరాన్ని మాత్రం తీరిగ్గా రాయండి, వీలైతే మొదటి పంట సంవత్సరాన్నే: నారుమడి ఎప్పుడు పోశారు, నీరు ఎన్ని రోజులు ఆలస్యమైంది, జ్వరాలతో ఎవరు మంచాన పడ్డారు, కుప్ప నూర్చాక ఎన్ని బస్తాలు దిగాయి, ఎవరి మిల్లుకు తోలారు. బస్తా అని రాసినచోట బరువు కూడా రాయండి. ఇప్పటి ధాన్యం బేరాలలో 75 కిలోల బస్తా వాడుక కాబట్టి పాఠకులు అదే అనుకుంటారు, పాత చిట్టాలలో పుట్ల లెక్క ఉంటే అది ఏ ప్రాంతపు పుట్టో తేల్చనిదే కిలోలలోకి మార్చకండి.

ఆ తరువాతి ముప్ఫై ఏళ్లను కొన్ని పుటలలో దాటేయవచ్చు. ట్రాక్టరు కొన్న ఏడాది, మేడ కట్టిన ఏడాది అందరి కథలోనూ ఉంటాయి. పిల్లల చదువు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కన్నడ మాధ్యమంలో చదివించారా, తెలుగు కోసం తూర్పున అమ్మమ్మగారి ఇంట ఉంచారా అన్నదాన్ని బట్టి, తాతగారు పడమటి ఊరిని శాశ్వతమనుకున్నారో, కొన్నాళ్ల మకామనుకున్నారో తెలుస్తుంది. ఆయన మాటల్లో చెప్పని విషయం అక్కడ తెలుస్తుంది.

కులం ప్రస్తావన విషయంలో ఒక మాట. వలసను ఒక కులం ఘనతగా రాసే అలవాటు మనలో ఉంది. పెళ్లి సంబంధాలు, అప్పులు, పొలం కబుర్లు కులం దారులలో నడిచాయి కాబట్టి దానిని దాచి రాస్తే ఎవరు ఎవరిని రప్పించారో అర్థం కాదు. అంతవరకు రాసి, పొగడ్త దగ్గర ఆపేయాలి.

పంపకాల అధ్యాయాన్ని అందరికీ పంచేముందు అన్నదమ్ముల రెండు వైపులవారి చేతా చదివించండి. పడమట భూమి విలువ పెరిగిన తరువాత తూర్పున మిగిలిన అన్నగారి పిల్లలకు, పడమటికి వెళ్లిన తమ్ముడి పిల్లలకు మధ్య ఉమ్మడి సొమ్ము గురించి మాటలు ఉండవచ్చు, కోర్టులో దావా నడుస్తూ కూడా ఉండవచ్చు. నడుస్తున్న దావాకు సంబంధించిన సర్వే నంబర్లను, దస్తావేజు నకళ్లను అచ్చులో పెట్టకుండా, విడిగా ఒక ఫైలులో భద్రపరచి, అది ఎవరి దగ్గర ఉందో మాత్రం చివరి పుటలో రాయండి. బతికి ఉన్నవారి ఫోను నంబర్లు, గుర్తింపు కార్డు నంబర్లు ఎక్కడా రాకుండా చూసుకుని, ఒక ప్రతి స్వగ్రామంలోని గ్రంథాలయానికి, ఒక ప్రతి క్యాంపు రామాలయం కమిటీకి ఇవ్వండి.